755 చుట్లు

డెబ్బై తొమ్మిది, ఎనభై తొమ్మిది. వీటిలో ఏది సెవెంటీ నైనో, ఏది ఎయిటీ నైనో ఠక్కున చెప్పమంటే నేను ఇప్పటికీ ఒక్క క్షణం తడబడతాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం చదువు. కూరగాయల బండి దగ్గర "నలభై ఎనిమిదమ్మా" అంటే మనసులో ఫార్టీ ఎయిట్ అని మార్చుకుంటే గానీ ఫోన్‌పే చెయ్యలేను. మనలో చాలామంది ఇంతే అని తెలుసు కాబట్టి పెద్దగా సిగ్గుపడట్లేదు.

అలాంటి నేను ఈ వేసవి సెలవుల్లో తెలుగులో ఒకటి నుంచి వంద దాకా ఏడున్నర సార్లు లెక్కపెట్టాను. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. ఎందుకో చెప్పాలంటే మొన్న ఉగాదికి మన క్లబ్ పెట్టిన కవి సమ్మేళనం దగ్గర మొదలుపెట్టాలి.

ఆ రోజు వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. స్పీకర్లలోంచి మొదటి నుంచీ "బూఁ" అని ఒకటే మోత. నాలుగో కవితకు ఏదో కాలిన వాసన. ఐదో కవిత సగంలో సౌండ్ మొత్తం ఆగిపోయింది. చదువుతున్న సీనియర్ గొంతు పెంచి మిగతా సగం మైకు లేకుండానే చదివేశాడు. ఆ రోజు ఎక్కువ చప్పట్లు ఆయనకే పడ్డాయి.

ఆ ఆంప్లిఫయర్ చేసింది మేమే. నేనూ, నా రూమ్మేటూ, ఈసీఈలో ఒక ఫ్రెండూ. టీడీఏ7294 ఐసీ బోర్డులు రెండు, ఒక పెద్ద హీట్ సింకు, నాలుగు కెపాసిటర్లు, "24-0-24, 3 ఆంప్స్" అని స్టిక్కర్ అంటించిన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి. విప్పి చూస్తే బోర్డులు బాగానే ఉన్నాయి. కాలిపోయింది ట్రాన్స్‌ఫార్మరే. పరీక్షలయ్యాక తెనాలి వెళ్తూ దాన్ని బ్యాగులో వేసుకున్నాను. ఎందుకంటే మా నాన్న వైండింగ్ పని చేస్తాడు.

ఇప్పుడు ఈ వాక్యం ఇంత సులువుగా రాసేశాను గానీ, ఇన్నేళ్ళలో ఎవరి దగ్గరా దీన్ని ఇలా అనలేదు. స్కూల్ ఫారాల్లో "ఫాదర్స్ ఆక్యుపేషన్" అన్నచోట బిజినెస్ అని రాసేదాన్ని. ఇంజనీరింగ్‌లో చేరాక ఎవరైనా అడిగితే "ఎలక్ట్రికల్ బిజినెస్" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. మా షాపు ఒక గది. బయట కాలిపోయిన పంపుసెట్ మోటార్లు, లోపల మిక్సీలు, స్టెబిలైజర్లు, పెళ్ళిళ్ళ సీజన్‌లో మైకుసెట్ల వాళ్ళు తెచ్చే ఆంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్లు. గోడంతా వార్నిష్ మరకలు. నాన్న చొక్కాకి ఎప్పుడూ అదే వాసన.

చిన్నప్పుడు స్కూల్ నుంచి వస్తూ షాపు దగ్గర ఆగేదాన్ని. "నాన్నా" అని పిలిస్తే నాన్న తలెత్తేవాడు కాదు. చేతిలో తీగ వదలకుండా చిటికెన వేలు మాత్రం పైకి లేపేవాడు. క్లాసులో మేం "టీచర్, వన్" అని లేపే వేలు. అంటే ఆగమని. ఎంతసేపు ఆగాలో ఉండేది కాదు. ఆరో తరగతిలో ఇంగ్లిష్ ఎలొక్యూషన్‌లో రెండో బహుమతి వచ్చింది. జీవితంలో నాకొచ్చిన మొదటి కప్పు. పరిగెత్తుకుంటూ వెళ్ళి "నాన్నా" అన్నాను. చిటికెన వేలు లేచింది. కప్పు అక్కడే కౌంటర్ మీద పెట్టేసి ఇంటికి వెళ్ళిపోయాను. తర్వాత కూడా బహుమతులు వచ్చాయి. వాటిని షాపుకి తీసుకెళ్ళలేదు.

సరే, ట్రాన్స్‌ఫార్మర్ సంగతి.

నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించాడు. "ఎంతన్నాడు?" అన్నాడు. ధర చెప్పాను. "ధర కాదమ్మా. ఎన్ని ఆంపియర్లన్నాడు?"

"మూడు."

"24-0-24 మూడు ఆంపియర్లంటే మూడు కిలోలన్నా తూగాలి. ఇది కిలోన్నర ఉండదు."

త్రాసులో పెట్టి చూపించలేదు. పెట్టాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు. కాలిన పేపరు కోసి, తీగ ఒకటి బయటికి లాగి, బ్లేడుతో గీకాడు. పైన ఎనామెల్ రాగి రంగులోనే ఉంది. లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం.

అల్యూమినియం వాడటం తప్పు కాదట. కరెంటు స్తంభాల దగ్గరుండే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలోనూ వాడతారు. కానీ ఒకే మందం తీగలు తీసుకుంటే రాగి కంటే అల్యూమినియం రెసిస్టెన్స్ సుమారు 1.6 రెట్లు ఉంటుంది. కాబట్టి దానికి తగ్గట్టు తీగ లావు పెంచాలి. మాకు అంటగట్టినదాంట్లో రాగికి సరిపడే మందంలోనే అల్యూమినియం చుట్టారు. కోర్ కూడా చిన్నది. సంగీతానికి కరెంటు ఫ్యానుకిలాగా ఒకే తీరున అక్కర్లేదు. డప్పు మీద దెబ్బ పడ్డ క్షణంలో ఒక్కసారిగా లాగుతుంది. అప్పుడు తీగలో రెసిస్టెన్స్ ఎక్కువుంటే వోల్టేజ్ కుంగిపోతుంది, సౌండ్ చితికిపోతుంది, తీగ వేడెక్కుతుంది. చిన్న కోర్‌లో చుట్లు కూడా తక్కువ వేస్తే ఇనుము అయస్కాంతాన్ని ఇక మొయ్యలేని స్థితికి వస్తుంది. దాన్నే సాచురేషన్ అంటారు. అక్కణ్ణించి కరెంటు ఊరికే ఎక్కువ లాగుతుంది, అయస్కాంతం కోర్ బయటికి చిమ్ముతుంది, పక్కనున్న ఆడియో వైర్లలో మోతగా దూరుతుంది. మనం విన్న "బూఁ"లో చాలా భాగం అదే.

"కొత్తది చుట్టిపెట్టు నాన్నా," అన్నాను.

"నేనెందుకు? ఇంజనీరువి నువ్వు కదా. నువ్వే చుట్టు. నేను చూస్తా."

ఎగతాళికి అన్నాడో నిజంగా అన్నాడో తెలీలేదు. రాత్రి ల్యాప్‌టాప్ తీసి కూర్చున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ ఈక్వేషన్ ఫస్టియర్ బేసిక్ ఎలక్ట్రికల్‌లో మనందరం బట్టీ పట్టిందే. వోల్టేజ్ అంటే 4.44 ఇంటూ ఫ్రీక్వెన్సీ ఇంటూ చుట్లు ఇంటూ ఫ్లక్స్ డెన్సిటీ ఇంటూ కోర్ ఏరియా. పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. యూనిట్లలో ఒకసారి తప్పు చేసి, దిద్దుకుని, గంటన్నరకు జవాబు తెచ్చాను.

పొద్దున షాపులో నాన్న స్టాంపింగుల కట్ట తీసి స్కేలు పెట్టాడు. ఇంగ్లిష్‌లో ఈ, ఐ అక్షరాల ఆకారంలో కత్తిరించిన పల్చటి సిలికాన్ స్టీలు రేకులు అవి. మధ్య నాలుక 38 మిల్లీమీటర్లు. కట్ట మందం కూడా 38. "మూడెనిమిది ఇంటూ మూడెనిమిది, పధ్నాలుగున్నరకు కొంచెం తక్కువ. రేకుల మధ్య సందులకు నూటికి అయిదు తీసెయ్. పదమూడు పాయింట్ ఏడు. నలభై అయిదుని దాంతో భాగించు. ఒక్కో వోల్టుకి అన్ని చుట్లు."

3.28. దాన్ని 230తో హెచ్చవేస్తే 755. నా ప్రోగ్రాం చెప్పిందీ 755.

"ఈ నలభై అయిదు ఎక్కణ్ణించి వచ్చింది నాన్నా?"

"మా మేస్త్రి చెప్పాడు. ఆయనకెవరు చెప్పారో."

కాగితం తీసుకుని చూపించాను. ఫ్లక్స్ డెన్సిటీ ఒక టెస్లా అనుకుని, 50 హెర్ట్జ్ వేసి, ఏరియాని చదరపు సెంటీమీటర్లలోకి మారిస్తే 10,000ని 222తో భాగించాలి. 45.04 వస్తుంది. నాన్న నలభై అయిదు అంటే ఫారడే సూత్రమే, పైన ఇండియా కరెంటు కలిపి మడిచి జేబులో పెట్టుకున్నది. పదో తరగతి తప్పి పనిలో చేరినాయనకి ఈక్వేషన్ విప్పి చూపించానని లోపల కొంచెం గర్వంగానే ఉంది. నాన్న ఆ కాగితం కేసి కాసేపు చూశాడు.

"అయితే యాభై సైకిళ్ళు కాకుండా అరవై ఉన్నచోట ఇది పనికిరాదన్నమాట. ముప్పై ఏడున్నర వెయ్యాలి."

అమెరికాలో 60 హెర్ట్జ్. లెక్క సరిగ్గా 37.5. నేను ఆ ఈక్వేషన్ రాసి ఎక్స్‌టర్నల్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నాను. అందులో ఫ్రీక్వెన్సీని కదిలిస్తే ఏమవుతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. నాన్న మొదటిసారి చూసి అక్కడే వేలు పెట్టాడు.

"మరి టెస్లా ఒకటే ఎందుకు? 1.2 వేస్తే చుట్లు తగ్గుతాయి కదా, రాగి మిగులుతుంది," అన్నాను.

"పుస్తకంలో కరెంటు 230. మన వీధిలో అర్ధరాత్రి అందరూ పడుకున్నాక మీటరు పెట్టి చూడు, 250 ఉంటుంది. ఇనుముకి ఊపిరాడనివ్వాలి. లేకపోతే మళ్ళీ మోతే."

మిగతా లెక్క ఇద్దరం కలిసి చేశాం. 48 వోల్టులు ఇంటూ 3 ఆంపియర్లు, 144 వీఏ. దాని వర్గమూలం 12. దాన్ని 1.15తో గుణిస్తే 13.8, అంటే కోర్ ఇన్ని చదరపు సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. మనది దాదాపు అంతే. సెకండరీలో ఒక్కో సగానికి 24 ఇంటూ 3.28, అంటే 79. లోడులో కుంగేదానికి నూటికి అయిదు కలిపి 83. తీగ మందానికి నాన్న చదరపు మిల్లీమీటరుకి రెండున్నర ఆంపియర్లు లెక్క వేస్తాడు. ప్రైమరీకి 23 గేజి, సెకండరీకి 18 గేజి. గేజి అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది, కొనేటప్పుడు తికమకపడకండి.

ఇక చుట్టడం. చేత్తో తిప్పే మిషను. ఇరుసుకి కర్ర దిమ్మ, దిమ్మ మీద ప్లాస్టిక్ బాబిన్. కింద రాగి తీగ రీలు. కుడిచేత్తో హ్యాండిల్ తిప్పాలి. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మడిచిన గుడ్డముక్క, ఆ గుడ్డలోంచి తీగ సాగాలి. మిషనుకి ఒక కౌంటర్ ఉంది గానీ దాని పళ్ళు అరిగిపోయాయి, అప్పుడప్పుడు ఒక అంకె మింగేస్తుంది. అందుకే నాన్న నోటి లెక్కే పెడతాడు.

"వంద దాటి లెక్కపెట్టకు. ఏడువందల నలభై మూడు అనేలోపు చెయ్యి రెండు చుట్లు తిరిగేస్తుంది. వంద అవ్వగానే ఈ మూతలో ఒక నట్టు వెయ్యి. మళ్ళీ ఒకటి నుంచి."

"ఇంగ్లిష్‌లో లెక్కపెట్టనా?"

"నీ ఇష్టం. నువ్వు తప్పితే నేను పక్కనుంచి అందుకోలేను, అంతే."

అందుకని తెలుగులోనే పెట్టాను. అరవై తొమ్మిది తర్వాత ప్రతిసారీ కొంచెం భయం. మొదటి సాయంత్రం ప్రైమరీ, రెండో సాయంత్రం సెకండరీ పూర్తిచేశాను. నాన్న వేరే పనిలో ఉన్నాడు, చూస్తానన్నవాడు మధ్యలో రెండుమూడు సార్లు తొంగిచూసి వెళ్ళాడు. చుట్లు పక్కపక్కనే పడాల్సింది ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయని నాకూ తెలుస్తోంది. లెక్క సరిగ్గా ఉంటే చాలు కదా అనుకున్నాను. ఈక్వేషన్‌లో చుట్లు ఎన్ని అనే ఉంది గానీ ఎంత అందంగా అని లేదు.

మూడో రోజు స్టాంపింగులు ఎక్కించబోతే ఎక్కలేదు. చుట్టిన తీగ మధ్యలో పొట్టలా ఉబ్బింది. రేకుకి దారే లేదు. లెక్క ప్రకారం తీగలన్నీ వరసగా పడితే పొరలూ పేపర్లూ కలిపి 16 మిల్లీమీటర్ల లోపే. బాబిన్‌లో చోటు 17. నా అడ్డదిడ్డపు చుట్లకు అది ఎక్కడ సరిపోతుంది?

"బెంచీ వైసులో పెట్టి నొక్కితే పడుతుందేమో నాన్నా?"

"పడుతుంది. లోపల ఎక్కడో ఒకచోట ఎనామెల్ చితుకుతుంది. రెండు చుట్లు ఒకదానికొకటి తగులుతాయి. ఈ రోజు బాగానే పాడుతుంది. ఇంకో ఉగాదికి కాలుతుంది."

మన సీఎస్‌ఈ వాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం. మనకు తప్పు జరిగితే ఏ లైన్లో జరిగిందో ఎర్ర అక్షరాల్లో చూపిస్తుంది. కంట్రోల్ జెడ్ ఉంది. నిన్నటి కోడ్ గిట్‌లో భద్రంగా ఉంటుంది. ఇక్కడ 200వ చుట్టు దగ్గర తీగ గీసుకుపోతే 755 అయ్యాక, సెకండరీ అయ్యాక, రేకులన్నీ ఎక్కించి వార్నిష్ ఆరాక తెలుస్తుంది. 755 చుట్లలో ఒకే ఒక్క చుట్టు షార్టయినా చాలు, ఆ ఒక్కటే చిన్న సెకండరీలా మారి కరెంటంతా తాగేసి ట్రాన్స్‌ఫార్మర్ మొత్తాన్ని కాల్చేస్తుంది. ఏ చుట్టో కనిపెట్టడానికి విప్పడం తప్ప దారి లేదు.

మొత్తం విప్పాను. విప్పిన తీగ మళ్ళీ వాడకూడదు, మెలికలు పడి ఎనామెల్ లేచిపోతుంది. దాదాపు ఎనిమిది వందల గ్రాముల రాగి. రాగి ధరెంతో నాకు తెలుసు. నాన్న ఏమీ అనలేదు. ఆ తీగని చుట్టచుట్టి తుక్కు డబ్బాలో వేసి, కొత్త రీలు ఎక్కించి, స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

ఈసారి పొరపొరగా నేర్పాడు. తీగని పడే చుట్టు కంటే కొంచెం వెనక్కి వాలుగా పట్టుకుంటే, పక్క చుట్టుకి తనే ఆనుకుంటుంది. లాగి పట్టకూడదు, తీగ సాగి సన్నబడుతుంది. వదులుగా వదలకూడదు, ఉబ్బుతుంది. ఒక పొరకు 75 చుట్లు. పొర అంచులో తీగ కింది పొరలోకి జారకుండా, అటూ ఇటూ కొంచెం ఖాళీ వదిలి పేపర్ వెయ్యాలి. పది పొరలకు 750, పదకొండో పొరలో అయిదు. "నీ లెక్క తప్పితే పొరే చెబుతుంది. పొర నిండేసరికి డెబ్బై అయిదు రాకపోతే అక్కడే ఆగు."

పుస్తకంలో ఫారడే గురించి చదివింది అప్పుడు గుర్తొచ్చింది. 1831 ఆగస్టు 29న ఆయన మొదటిసారి ఇండక్షన్ చూసింది ఇలాంటి చేతి చుట్టుతోనే. ఇనుప రింగు, దాని మీద రెండు వేరువేరు రాగి తీగల చుట్లు, చుట్టుకీ చుట్టుకీ మధ్య దారం, పొరకీ పొరకీ మధ్య నూలుగుడ్డ. అప్పటికి ఎనామెల్ తీగ ఎక్కడిది? చిన్నప్పుడు పుస్తకాల బైండింగ్ పని నేర్చుకున్న మనిషి ఆయన. బైండింగ్ చేసిన చేతులే ఆ వైండింగూ చేశాయి. నాన్నకి చెబుదామనుకున్నాను గానీ అప్పటికి నలభై మూడులో ఉన్నాను. నోరు తెరవలేదు.

మూతలో నాలుగు నట్లు పడ్డాయి. అయిదో వందలో అరవై ఎనిమిది దగ్గరుండగా అమ్మ మజ్జిగ తీసుకుని వచ్చింది. "ఏమే, మజ్జిగ ఇక్కడ పెట్టనా, తాగుతావా?" అంది. కుడిచెయ్యి హ్యాండిల్ మీద ఉంది. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ తీగ మీద ఉన్నాయి. పక్క రెండు వేళ్ళూ గుడ్డని అదిమిపట్టి ఉన్నాయి. ఖాళీగా ఉన్నది ఒక్కటే వేలు. అదే లేచింది.

అరవై తొమ్మిది, డెబ్బై, డెబ్బై ఒకటి. చెయ్యి తిరుగుతూనే ఉంది గానీ నా వేలు నాకే కనిపిస్తోంది. చిన్నప్పుడు నేను ఆ వేలుని ఎన్ని రకాలుగా అర్థం చేసుకున్నానో! తర్వాత రా అని. నువ్వు ముఖ్యం కాదని. నీ ఇంగ్లిష్ కప్పు నాకెందుకని. ఎత్తడానికి ఇంకో వేలు లేదని మాత్రం అనుకోలేదు.

755 పూర్తయ్యాక, తీగ చివర స్లీవ్ తొడిగి కట్టాక, మజ్జిగ తాగుతూ అడిగాను. "నాన్నా, నేను ఆరో క్లాసులో కప్పు తెచ్చిన రోజు గుర్తుందా?"

"ఉంది."

"అప్పుడు నువ్వు ఏం చుడుతున్నావు?"

"సబ్‌మెర్సిబుల్ మోటారు." గ్లాసు కింద పెట్టాడు. "వేలు ఎత్తానే గానీ నీ మొహం చూశాక లెక్క పోయింది. ఆ కాయిల్ మొత్తం విప్పి మళ్ళీ చుట్టా. ఇంటికొచ్చేసరికి నువ్వు పడుకున్నావు."

ఆ కప్పు ఇప్పటికీ షాపులోనే ఉంది. అందులో 12 గేజి స్లీవ్ ముక్కలు వేసుకుంటాడు. ఇన్నేళ్ళూ దాన్ని చూసినప్పుడల్లా నా బహుమతికి ఇచ్చిన విలువ ఇదా అనుకునేదాన్ని. రోజూ చెయ్యి వెళ్ళేచోట పెట్టుకున్నాడని నాకు తట్టలేదు.

మిగిలిన పని త్వరగానే అయింది. ప్రైమరీ మీద పేపరు, దాని మీద ఒక చుట్టు పల్చటి రాగి రేకు. కరెంటు లైన్లో వచ్చే చెత్త నాయిస్ సెకండరీలోకి దూకకుండా ఇది అడ్డుకుంటుంది, దీన్ని ఎర్త్‌కి కలపాలి. రేకు రెండు కొసలూ ఒకదానికొకటి అస్సలు తగలకూడదు. తగిలితే అదే షార్టయిన చుట్టు. సెకండరీకి రెండు తీగలు జంటగా పట్టుకుని 83 చుట్లు చుట్టాం. అప్పుడు రెండు సగాలూ సమానంగా వస్తాయి. ఒకదాని చివర, రెండోదాని మొదలు కలిపితే మధ్య కొస. పొరపాటున చివరా చివరా కలిపితే రెండు బయటి కొసల మధ్య మీటరు సున్నా చూపిస్తుంది. ఒకటి ఎక్కినంతా రెండోది దించేస్తుంది మరి.

రేకులు ఒకటి ఇటువైపు నుంచి, ఒకటి అటువైపు నుంచి మార్చి మార్చి ఎక్కించాలి. అతుకులన్నీ ఒకేచోట పడకుండా ఉండటానికి. చివరి రెండు మూడు రేకులు బిగుతుగా ఉంటాయి. వదిలేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. వదలకూడదు. వదులైన రేకులే కదిలి గుయ్యిమంటాయి. చెక్కముక్క అడ్డంపెట్టి మెల్లగా తట్టి దింపాడు నాన్న. ఆ తర్వాత వార్నిష్‌లో ముంచి, కారిపోయేదాకా వేలాడదీసి, రెండు రోజులు ఎండలో. తెనాలి మే నెల ఎండ ఒక పనికన్నా ఉపయోగపడింది.

కరెంటు ఇచ్చే ముందు సిరీస్ బల్బు. 60 వాట్ల బల్బుకి సిరీస్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ పెట్టి స్విచ్ వెయ్యాలి. బల్బు ఫుల్లుగా వెలిగితే లోపల షార్టు ఉన్నట్టు. ఎలాగూ వెలగకపోతే ప్రైమరీ తెగిందేమో చూడాలి. బల్బు ఒక్క క్షణం ఎర్రబడి ఆరిపోయింది, మీటరు పెడితే సెకండరీలో వోల్టేజ్ ఉంది. మా నాన్న మొహంలో అంతకంటే పెద్ద ఎక్స్‌ప్రెషన్ ఎప్పుడూ చూడలేదు. నవ్వలేదు గానీ, బల్బు తీసేసి నేరుగా ఇవ్వమన్నాడు. 25.4, 25.4. రెండు సగాల మధ్య తేడా లేదు. కోర్ మీద చెయ్యి పెట్టి చూశాను, చెవి ఆనించి విన్నాను. ఏదో దూరంగా, పక్కవీధిలో తుమ్మెద ఉన్నట్టు. అంతే.

ఇప్పుడది మా ఆంప్లిఫయర్లో ఉంది. బరువు మూడు కిలోల రెండొందలు, ఈసారి త్రాసులోనే తూచాం. వాల్యూమ్ మొత్తం పెంచి, ఏమీ ప్లే చెయ్యకుండా, స్పీకర్‌కి చెవి పెట్టినా మోత లేదు. క్లబ్ వచ్చే కార్యక్రమానికి సౌండ్ బాధ్యత మళ్ళీ మాదే, ఇప్పుడే చెప్తున్నా. ఆ తర్వాత వాల్వ్ ఆంప్లిఫయర్‌కి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాలని ఆశ. 5,000 ఓమ్‌లని 8 ఓమ్‌ల స్పీకర్‌కి సరిపెట్టాలి. 625 రెట్లు. చుట్ల నిష్పత్తి దాని వర్గమూలం, సరిగ్గా 25. ప్రైమరీ, సెకండరీలను ముక్కలు చేసి ఒకదాని మధ్య ఒకటి పొరలుగా వేస్తేనే సన్నటి స్వరాలు చచ్చిపోకుండా వస్తాయట. వాల్వ్‌కిచ్చే వోల్టేజ్ ప్రాణం తీసేంత ఉంటుంది కాబట్టి నాన్న పక్కన ఉన్నప్పుడే చేస్తాను. సంక్రాంతి సెలవుల దాకా ఆగాలి.

కాలేజీకి వచ్చే ముందు నాన్న మిషనుకి ఒక పని చేశాను. పాత క్యాలిక్యులేటర్ విప్పి, దాని ఈక్వల్ టు బటన్‌కి రెండు వైర్లు తీసి ఒక రీడ్ స్విచ్‌కి కలిపాను. హ్యాండిల్ ఇరుసుకి చిన్న అయస్కాంతం. సున్నా ప్లస్ ఒకటి నొక్కి వదిలేస్తే, చుట్టుకొకసారి అయస్కాంతం స్విచ్ ముందునుంచి వెళ్ళి ఒక్కో అంకె పెరుగుతుంది. మొదటి వారం నాన్న దాన్నీ నమ్మలేదు, నోటి లెక్కా పెట్టాడు. "నీ మిషను ఒకటి ఎక్కువ చెబుతోంది," అని ఫోన్ చేశాడు. నిజమే, రీడ్ స్విచ్ ఒక్కోసారి అదిరి రెండుసార్లు తగులుతుంది. అయస్కాంతం కొంచెం దూరం జరపమన్నాను. అప్పటినుంచి రెండు లెక్కలూ కలుస్తున్నాయి.

ఇప్పుడు సాయంత్రం షాపుకి ఫోన్ చేస్తే వెనక హ్యాండిల్ చప్పుడు వినిపిస్తుంది. చుడుతూనే మాట్లాడుతున్నాడు. ఏం తిన్నావు, సెమిస్టర్ ఎప్పుడు, ఆంప్లిఫయర్ వేడెక్కుతోందా. ఒక్కోసారి మధ్యలో మాట ఆగిపోతుంది, చప్పుడు మాత్రం సాగుతుంది. పాత అలవాటు, ఎనభై దాటి వందకి దగ్గరపడి ఉంటాడు. నేను కూడా ఆగుతాను. మూతలో నట్టు పడిన చప్పుడు వినిపించాక, "ఆఁ, చెప్పమ్మా," అంటాడు.